పైడమ్మ పేరున కన్నీరు

శుక్రవారం సాయంత్రం ఆరింటికి అశ్రుపలక మోగిందంటే వీధిలో ఎంతటి పనైనా ఆగాల్సిందే. ఇంటింటా గోడకున్న ఆ గాజుపలక మీదికి వంగి, రెప్ప కింద నుంచి ఒక్క చుక్క రాల్చి, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతారు. పుట్టబోయే కాన్సర్ జాడ, పీల్చిన విషం జాడ, రెండూ ఆ చుక్కలోనే పలకకు తెలిసిపోతాయి. పూర్వం కాన్సర్ అంటే ఇంటిల్లిపాదీ కూలబడేవారట! ఇప్పుడు మొదట్లోనే పట్టుకుని, రోగి రక్తంలోంచే కాన్సర్‌ను తినేసే వేటకణాలు పెంచి ఎక్కిస్తున్నారు. ఆరు వారాల్లో మనిషి లేచి తిరుగుతున్నాడు.

పైడమ్మ అలా లేచిన మనిషే. కాకపోతే ఆ వైద్యం తర్వాత ఆమె కళ్ళు ఎండిపోయాయి. కన్నతల్లి పోయినా ఒక్క చుక్క రాలలేదు. చుక్క పడకపోతే పలక ఊరుకోదు, ఆసుపత్రికి కబురు పెడుతుంది. మళ్ళీ ఆ గది, ఆ మంచం అంటేనే పైడమ్మకు గుండె జారిపోతుంది. అందుకని నాలుగు నెలలుగా భర్త సన్యాసినాయుడు, రసాయనాల కర్మాగారంలో పని దిగి ఇంటికి వచ్చీ రాగానే, ఆమె పేరున తన చుక్క ఇస్తున్నాడు. కర్మాగారం వాళ్ళకు పరీక్ష అక్కడే కాబట్టి, అతని పేరున పలక చుక్క అడగదు. ఆమెకు రోగం తిరగబెట్టిందో లేదో దేవుడికే ఎరుక.

ఈ శనివారం పొద్దున్నే రసాయన రక్షణ అధికారిణి నీలవేణి గుమ్మంలో దిగింది. గాలిలో విషాన్ని పసిగట్టే గాలిగుర్తు యంత్రంతో వంటగది, పెరడు, స్నానాలగది అన్నీ వెతికింది.

“అమ్మా, మీ కన్నీటిలో కర్మాగారం తొట్లు కడిగే ద్రావకం కనిపిస్తోంది. వారం వారం పెరుగుతోంది కూడా. మీ ఇంట్లో గాలేమో శుభ్రంగా ఉంది. ఎక్కడ పీలుస్తున్నారు?”

“నానెక్కడికెల్తానమ్మా? గడప దాటను,” అంది పైడమ్మ.

“అయితే ఇప్పుడే ఇంకో చుక్క తీసుకుంటాను.”

పైడమ్మ భర్త వంక చూసింది. పనికి బయలుదేరబోతున్న నాయుడు భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు.

“దాని తప్పేటీ నేదు తల్లీ. ఆ సుక్కలు నావి. ఆ తొట్లు కడిగేది నానే.”

నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. “ప్రాణాలతో ఆటలా మీకు? ఆవిడకి రోగం తిరగబెట్టి ఉంటే?” అని కేకలేస్తూనే టక్కున ఆగింది. “ఉండండి. అంటే ఈ విషం మీ ఒంట్లోదా? కర్మాగారంలో మీకు పరీక్ష చెయ్యరా?”

“సెయ్యకేటి? పెతి సోమారం పొద్దున్నే సేత్తారు. సుబ్బరంగా ఉందనే అంతారు.”

“ఆదివారం సెలవు కదా!” అంటూ నీలవేణి తల పట్టుకుంది. ఒక్కరోజు సెలవు చాలు, ఆ ద్రావకం కన్నీటిలోంచి పోతుంది. ఎముకల మూలుగలో చేసే చెరుపు మాత్రం పోదు. పని దిగి నేరుగా వచ్చి ఇచ్చిన చుక్క కాబట్టే విషం దొరికింది.

ఆమె అక్కడే నిలబడి ఫోను చేసి తొట్ల విభాగం మూయించింది. ముప్పై ఆరుగురిని బయటికి పంపి, అందరికీ రక్తపరీక్ష చేయమంది. నాయుడి రక్తం తనే తీసి చూసింది. చెరుపు ఇంకా మూలుగను పట్టలేదు. ఆ పని మానేస్తే మనిషి దక్కుతాడు.

ఇక పైడమ్మ వంతు వచ్చింది.

“కళ్ళు ఎండినవాళ్ళకు రెప్ప కింద పెట్టే పరీక్ష కాగితం ఉందమ్మా. ఆసుపత్రిలో చెప్పలేదా?”

“సెప్పే ఉంతారు. ఆయేళ నాకేటీ ఇనబడనేదు.”

కాగితం రంగు తేలడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలూ పైడమ్మ ఇలవేల్పులందరికీ పేరుపేరునా మొక్కుకుంది.

“ఏమీ లేదమ్మా. రోగం జాడే లేదు.”

“ఓలమ్మో!” అంటూ పైడమ్మ ఉన్నచోటే చతికిలబడింది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే మొగుడి వీపు మీద ఒక్కటి చరిచింది. “నాలుగు నెల్లు సచ్చి బతికినాను మావా! ఈ కాయితం ముక్క సంగతి తెలీకా!”

నాయుడూ నవ్వాడు. నీలవేణికి కూడా నవ్వాగలేదు. నివేదిక మాత్రం రాయక తప్పదు.

“ఒకరి పేరున ఇంకొకరు కన్నీరు ఇచ్చినందుకు కారణం రాయాలి. ఏమని రాయను?”

పైడమ్మ నవ్వు ఆగింది. భర్త మొహంలోకి చూసింది.

“బయమని రాయి తల్లీ. నాకు నా గురించే బయం. ఈయనకీ నా గురించే బయం. ఈయన గురించి మాత్రం ఇద్దరిలో ఒక్కలం కూడా బయపడనేదు.”