ఆ కేసు వద్దన్న లాయరు

అక్షరాలు నాకు పెద్దతనంలో వచ్చాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. చేయి నిదానం, అందుకే కథ కూడా చిన్నది.

టైలరమ్మాయి షాపుకి ఎదురు మేడమీద కుర్ర లాయరు ఆఫీసు. చొక్కా గుండీ వదులైందంటూ దిగివచ్చేవాడు. గుండీ గట్టిగానే ఉండేది. ఆమె ఆ మాట అనేది కాదు. తాపీగా నాలుగు కుట్లు వేసి ఇచ్చేది.

అందుకే షాపు ఖాళీ చేయమని ఓనరు నోటీసు పంపినప్పుడు, భయం కన్నా ముందు ఆమెకు ఆ మేడమెట్లే గుర్తొచ్చాయి. మేనమామను వెంటబెట్టుకుని ఎక్కింది.

"మా షాపు ఓనరు..." అందో లేదో, అతను చేయెత్తాడు.

"ఆగండి. ఇంకొక్క మాట చెప్పొద్దు. ఈ కేసు నేను తీసుకోలేను."

"ఎందుకని?"

"అదీ చెప్పలేను. ఇంకెవరినైనా చూసుకోండి."

ఆమె ముఖం మాడిపోయింది. "గుండీలకైతే మేం పనికొస్తాం కాబోలు!" అని గిరుక్కున తిరిగింది.

మేనమామ ఇంకో లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కాగితాలు విప్పకుండానే, "గెలిచేశామనుకో అమ్మా!" అని బల్ల గుద్దాడు.

బయటికొచ్చాక మేనమామ మురిసిపోయాడు. "ఆ గొంతు విన్నావా? జడ్జిగారు హడలిపోవాలి!"

"నాకు అరిచేవాళ్లు వద్దు మామయ్యా, చదివేవాళ్లు కావాలి."

చివరికి ఒక పెద్ద లాయరమ్మ దొరికింది. అద్దె కాగితం ఆసాంతం చదివి, ముందు ఓడిపోగల చోటే చూపించింది. "ఇక్కడ మనకు దెబ్బ తగలొచ్చు. అయినా పోరాడదామంటే చెప్పమ్మా." టైలరమ్మాయి కేసు ఆవిడకే అప్పగించింది.

అప్పగించింది కేసునే. మనసు ఎదురు మేడ మీదే ఉండిపోయింది. వాన పడితే చాలు, మిషను ఆపి పైకి చూసేది. కిటికీ తెరిచే ఉండేది. మనిషి కనపడేవాడు కాదు. వాయిదా మీద వాయిదా. కోర్టు వరండాలో ఎదురైతే తల దించుకుని పోయేవాడు. అంత చులకనైపోయానా అని, సూదిలో దారం ఎక్కిస్తూ కళ్లు తుడుచుకునేది.

తీర్పు వచ్చింది. షాపు ఆమెకే దక్కింది. వరండాలో ఓనరు కుర్ర లాయరు మీద విరుచుకుపడ్డాడు: "అందరికన్నా ముందు నీ దగ్గరికే వచ్చి నా గుట్టంతా విప్పానే! ఆ రోజు నువ్వు నా కేసు పట్టుకుని ఉంటే నాకీ గతి పట్టేదా?"

టైలరమ్మాయి అడుగు ఆగిపోయింది. ఓనరు విసురుగా వెళ్లిపోయాక దగ్గరికి వచ్చింది.

"ఆయన కేసూ వద్దన్నారా?"

"వద్దన్నాను. కానీ విన్నది విన్నదే కదా. ఇక మీ వైపు రాకూడదు, ఎందుకో చెప్పకూడదు. మా పని అలాంటిది."

"నోటితో చెప్పకూడదు, సరే. కళ్లతోనైనా ఒక మాట చెప్పొచ్చుగా?"

"మిమ్మల్ని చూస్తే అన్నీ చెప్పేస్తానని భయం. అందుకే తల దించుకున్నాను."

వెనకనుంచి మేనమామ దగ్గాడు. "ఏమయ్యా, కేసు అయిపోయిందిగా! ఇంకా ఆ నేలచూపులేంటి?"

అతను తలెత్తాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

— వీధిలో అందరికీ పెద్దమ్మను. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, వంటగది పక్క గదిలో ఉంటున్నాను.