పాత చౌడేశ్వరి

ధర్మవరంలో ఆ వీధి మగ్గాలన్నీ తెల్లవారేసరికే మొదలయ్యాయి. కుళ్ళాయప్ప ఇంట్లో మగ్గం మాత్రం నెల రోజులుగా ఆగి ఉంది. పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకేసారి పడిపోయాయి. ఆయన్ని లేపబోయి భార్య ఉలిగమ్మ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇక చేతకాక, హిందూపురం ఆసుపత్రిలో ఆయమ్మగా పనిచేస్తున్న కూతురు చౌడేశ్వరికి ఉత్తరం రాయించింది.

ఏడేళ్ళ తర్వాత, మొన్ననే చౌడేశ్వరి ఆ గడప తొక్కింది.

1973లో పెనుకొండ ఆసుపత్రిలో ఆమె కాన్పు కష్టమై బిడ్డ దక్కలేదు. భర్త మళ్ళీ మొహం చూపించలేదు. ఆ రోజుల్లో ప్రమీలమ్మ అనే చర్చి మనిషి రోజూ ఆసుపత్రికి వచ్చి ఆమె తల దువ్వి వెళ్ళేది. చౌడేశ్వరి ఆమె వెంట ప్రార్థనకు వెళ్ళింది, బాప్తిస్మం తీసుకుంది. ఆ సంగతి తెలిసి కుళ్ళాయప్ప, కూతురు చచ్చిపోయిందని చెప్పి తలకు నీళ్ళు పోసుకున్నాడు. "నిజమే, పాత చౌడేశ్వరి పోయింది. నేను కొత్త మనిషిని," అనుకుందామె. బాప్తిస్మం నాడు నీళ్ళలో మునిగి లేచినప్పుడు పాస్టరయ్య చెప్పిన మాట అదే.

ఇప్పుడామె రాగి గంజి గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. కళ్ళు మూసుకుని పైకే చెప్పింది.

"ప్రభువా, ఈ ఆహారం దీవించు. మా నాయన మనసు తెరువు."

చెంచా దగ్గరికి రాగానే కుళ్ళాయప్ప పళ్ళు బిగించాడు. గంజి మెడ మీదికి కారింది. ఆమె వచ్చినప్పటి నుంచీ ఇంతే. ఉలిగమ్మ ఎడమ చేత్తో తాపబోయినా, ఆ గంజి కూతురు కాచిందని ముట్టడం లేదు.

ఉలిగమ్మ కూతుర్ని మగ్గం దగ్గరికి పిలిచింది.

"రెండు దినాలాయ పాపా, ఆయప్ప కడుపులోకి ఏమీ పోలేదు. ఆ మాటలు మనసులో అనుకోకూడదా? ఆయప్ప చెవిన పడేలా యాల చెప్తాండావు?"

"నా దేవుణ్ణి దాచుకోవాల్నా అమ్మా?"

"దాచుకోమని ఎవురన్నారు? నిజం చెప్పు. గంజి తాపేదానికి వచ్చినావా, గెలిచేదానికి వచ్చినావా?"

"ఏడేండ్లు ఈ ఇంటికి చచ్చినదాన్నే గదా నేను. నా తప్పేమీ లేదని ఒక్కసారి ఒప్పుకుంటే సాలు."

"నోరే పడిపోయిన మనిషి ఏమని ఒప్పుకుంటాడు?" ఉలిగమ్మ కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. "దేవునికి నన్ను నేను ఇచ్చేసుకున్నా అని ఉత్తరం రాస్తివి. ఈ పంతం మాత్రం ఇయ్యకుండా నీకాడనే పెట్టుకున్నావే తల్లీ."

లోపల్నుంచి మూలుగు వినిపించింది. ఇద్దరూ వెళ్ళి చూసేసరికి పక్క తడిసిపోయి ఉంది. కుళ్ళాయప్ప ఎడమ చేత్తో దుప్పటి పైకి లాక్కుని కప్పుకోవాలని చూస్తున్నాడు. అందడం లేదు. వీధిలో ఎవరికీ తల వంచని మనిషి, కూతురి ఎదుట మొహం దాచుకునే చోటు లేక కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెప్పల సందున నీళ్ళు కారుతున్నాయి.

ఆసుపత్రిలో చౌడేశ్వరి ఎందరికో చేసిన పనే ఇది. వేడినీళ్ళు తెచ్చింది. ఆయన్ని గోడవైపు తిప్పి తుడుస్తుంటే ఆ వీపు ఎముకలు చేతికి తగిలాయి. తన తల దువ్విన ప్రమీలమ్మ తనను ఏమీ అడగలేదు. తానేమో రెండు రోజులుగా ఈ లేవలేని మనిషిని చెంచా చెంచాకూ అడుగుతూనే ఉంది.

పాత చౌడేశ్వరి ఎక్కడికీ పోలేదు. నాన్న నోట ఒక్క మాట కోసం పట్టుబట్టి తనలోనే కూర్చుని ఉంది. ఏడేళ్ళుగా నువ్వే నా సర్వం అని దేవుడితో చెప్పుకుంటూ, ఈ పంతం మాత్రం ఇవ్వలేదు.

ఆమె పెదవులు కదలలేదు. "ఆయన నన్ను ఎప్పటికీ ఒప్పుకోకపోయినా సరే," అనుకుంది లోపల. "అది కూడా నువ్వే తీసుకో." కన్నీళ్ళు తండ్రి వీపు మీద పడ్డాయి. అవీ తుడిచింది.

ఉతికిన పంచె కట్టి, దిండ్లు ఎత్తుగా పెట్టి, గంజి మళ్ళీ వెచ్చజేసి తెచ్చింది.

"నాయనా, నన్ను కూతురనుకోవద్దులే," అంది మెల్లగా. "ఆసుపత్రి నుంచి ఆయమ్మ వచ్చింది అనుకో. నువ్వు తినాల. అంతే, ఇంకేమీ వద్దు నాకు."

చెంచా ఆయన నోటి దగ్గర పెట్టింది. ఉలిగమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత కుళ్ళాయప్ప పెదవులు, పనిచేసే వైపు మాత్రమే, కొద్దిగా విడిపోయాయి. సగం గంజి బయటికే కారింది. సగం గొంతు దిగింది.

రెండో చెంచాకు ఆయన కళ్ళు తెరిచి చౌడేశ్వరిని చూశాడు. ఆ చూపు కూతుర్ని చూసిందో, ఆయమ్మను చూసిందో ఆమెకు తెలియలేదు. అడగాలని కూడా అనిపించలేదు.