మహర్నవమినాడు కదలని వెలుగుచుక్క

"ఈ పొద్దు తప్పితే మనకు ఇంకో రోజు లేదు, ఓబళప్పా," అన్నాడు చీఫ్ మునినారాయణప్ప, మ్యాప్ మీద బెంగళూరు శివారు మారతహళ్ళి దగ్గర వేలు పెట్టి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలై నాలుగేళ్ళు దాటింది. ప్రిజనర్స్ క్యాంపు నుంచి తప్పించుకున్న శత్రుదేశపు ఖైదీలను కూడగట్టి, దొంగ స్విస్ పాస్‌పోర్ట్‌తో తిరుగుతున్న మేజర్ ఫాల్కో, బావి తవ్వకం పేరుతో ఎయిర్‌ఫీల్డ్ బాంబు గోదాముల కిందిదాకా సొరంగం తవ్వేశాడు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకు పేలేలా గడియారం పెట్టాడు. గోదాముల పక్కనే కూలీలుండే ఇళ్ళ లైన్లు. పండగ కాబట్టి పిల్లాజెల్లా అంతా ఇళ్ళలోనే ఉంటారు.

"దాడి చేద్దాం సార్."

"పోలీసు టోపీ కనపడితే వాడే స్విచ్ నొక్కేస్తాడు. సొరంగం నడిమిన, పైనుంచి మన డైనమైట్ సిద్ధంగా ఉండాది. అది పేలితే వైరు తెగి, లోపలున్నోళ్ళంతా సమాధి. కానీ ఫాల్కో నాకు ప్రాణంతో కావల్ల. వాడి ముఠా పేర్లన్నీ వాడి బుర్రలోనే ఉండాయి. ముందు వైరు తెంపల్ల, ఆనక దాడి."

లోపలికి వెళ్ళగలిగిన మనిషి ఒక్కతే. డ్రామా కంపెనీ హీరోయిన్ రత్నమ్మ. ఫాల్కో లెక్కలో ఆమె అతడి గూఢచారి. చీఫ్ లెక్కలో మన గూఢచారి. ఓబళప్ప లెక్కలో ఆమె ఏమిటో అతడు ఇంతవరకూ నోరు విప్పి చెప్పలేదు.

పట్టుచీరలో, హారతి పళ్ళెం, గుమ్మడికాయతో ఆమె వాళ్ళున్న షెడ్డులోకి వచ్చింది. ఆయుధపూజనాడు ఇక్కడి కూలీ ఎవడూ గడ్డపార ముట్టడు. సొరంగంలో ఫాల్కో, అతడి ఖైదీలు తప్ప ఎవరూ ఉండరు. పనిముట్లకు పూజ చేస్తానంటే వాళ్ళు అడ్డు చెప్పరు.

"గుమ్మడికాయలో ఏముండాదో చెప్పు చూద్దాం," అంది.

"కటింగ్ ప్లయర్."

"కుంకుమ కూడా ఉండాదప్పా. పూజంటే పూజే." గొంతు తగ్గించింది. "వైరు తెగితే కాలితో మూడు దెబ్బల తాళం వేస్తా, తకిట. తెగకపోతే నాలుగు, తకధిమి. నాలుగు వస్తే నువ్వు ఆలోచించొద్దు. నొక్కెయ్."

"నువ్వు లోపలే ఉంటావు కదా!"

"లోపల లేకుండా తాళం ఎట్ల వేసేది?"

నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె తిరిగి రాదని ఓబళప్పకు తెలిసిపోయింది. వెంట పరుగెత్తి చెయ్యి పట్టుకోవాలనిపించింది. డైనమైట్ బటన్ దగ్గర కూర్చున్నాడు.

జియాలజీ సర్వేయర్ల వేషంలో వాళ్ళు సొరంగం దగ్గర్లో వేసుకున్న ఆ షెడ్డులో నేల కంపాలను పట్టే మూడు సీస్మోమీటర్లున్నాయి. తలుపులా పక్కకు ఊగే హారిజాంటల్ పెండ్యులం మసి కాగితం మీద గీత గీస్తుంది. ఎక్కడో జపాన్‌లో భూమి కంపిస్తే దానికి తెలుస్తుంది, పక్కన మనిషి గంతులేస్తే తెలియదు. స్ప్రింగుకు బరువు వేలాడదీసిన రెండోది నేల పైకీ కిందికీ ఊగితే చెబుతుంది, అదీ నింపాదిగా ఊగితేనే. మూడోది ఎలక్ట్రోమాగ్నెటిక్. అయస్కాంతం నడుమ తీగచుట్ట. అడుగుల చప్పుడుకు నేల అదిరినా కరెంటు పుట్టి, గోడమీద వెలుగుచుక్క తుళ్ళుతుంది. మామూలు రోజుల్లో రాళ్ళ క్వారీలు, మెషిన్ షాపులు ఆ చుక్కను క్షణం నిలవనివ్వవు. ఇవాళ బెంగళూరంతా యంత్రాలకు సెలవు.

చుక్క నిలిచింది. నిలిచే ఉంది.

పన్నెండు కావస్తోంది. "పిల్ల దొరికిపోయినట్టుండాది," అన్నాడు చీఫ్.

ఓబళప్ప ఉక్రోషం ఆపుకోలేక నేలను ఒక్క తన్ను తన్నాడు. చుక్క కదల్లేదు.

ఒక్క అంగలో ఎలక్ట్రోమాగ్నెటిక్ పెట్టె దగ్గరకు దూకాడు. మీద బంతిపూల దండ, కుంకుమ బొట్టు. కింద, తీగచుట్టను కదలనివ్వకుండా పట్టే క్లాంపు స్క్రూ గట్టిగా బిగించి ఉంది.

"సార్! దీన్ని ఎవరు బిగించింది?"

మునినారాయణప్ప తన వేలికంటిన కుంకుమ చూసుకున్నాడు. "పూజ చేసినా కదప్పా... తిరిగే యంత్రాన్ని ఆపకుండా బొట్టెట్ల పెట్టేది? అలవాటున చెయ్యి బిగించేసింది... తర్వాత వదిలేది మరిచినాను."

ఓబళప్ప స్క్రూ విప్పాడు. చుక్క ఎగిరింది. తకధిమి. తకధిమి. ఎంతసేపటి నుంచి కొడుతోందో పాపం! తాళం అప్పటికే నీరసించింది. ఈసారి మూడు దగ్గర ఆగుతుందేమోనని ఓబళప్ప ఆశపడ్డాడు. తకధి... నాలుగోది కూడా పడింది.

చీఫ్ ఆర్డరివ్వలేదు. ఓబళప్ప ఆగలేదు. కళ్ళు మూసుకుని బటన్ నొక్కాడు.

షెడ్డు ఊగిపోయింది. చుక్క గోడ దాటిపోయింది. తర్వాత, ఎప్పటిలాగే నింపాదిగా, పెండ్యులం మసి కాగితం మీద పెద్ద అల గీసింది. ఎయిర్‌ఫీల్డ్ సైరన్ పన్నెండు గంటలకు మోగింది. గోదాములు చెక్కుచెదరలేదు. లైన్లలో పిల్లలు గుమ్మడికాయలు పగలగొట్టి కేరింతలు కొడుతున్నారు. ఫాల్కో ప్రాణంతో దొరకలేదు. అతడి ముఠా పేర్లూ దొరకలేదు.

మర్నాడు పేపరు మూలన చిన్న వార్త పడింది. 'నగర శివార్లలో స్వల్ప భూకంపం. ప్రాణనష్టం లేదు.' రాసి పంపింది మునినారాయణప్పే. తల దించుకుని పేపరు ముందుకు తోశాడు.

ఓబళప్ప చదివాడు.

"తన పేరు అందరికంటే పెద్దగా లేకపోతే రత్నమ్మ డ్రామా పోస్టరు చించేసేది సార్," అన్నాడు. "ఆఖరి ఆటకు ఆ పేరు తీసుకుపోయి భూకంపానికి ఇచ్చేసినారే!"