రెండు పక్కలా బతికేది

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే ఏడు గంటల బస్సులో ఓబులమ్మ ఆడవాళ్ళ చివరి సీట్లో కూర్చునేది. సిద్దయ్య ఆ వెనక సీట్లో. ఇద్దరిదీ ఒకే ఊరు, రెండూ గొర్రెలు మేపే ఇండ్లే. 1995లో ఆ ఇండ్లు చెరొక పార్టీ: సిద్దయ్యది పై వీధి, ఓబులమ్మది కింది వీధి. పై వీధివాళ్ళు కింది వీధివాళ్ళతో మాట్లాడరు. మాట్లాడినందుకు ముందు ఏడాది ఒకతని చెయ్యి విరిచారు.

ఓబులమ్మ ఇంటర్లో జువాలజీ. పుస్తకం తెరిచి పైకి చదివేది.

“హెర్బివోర్. గడ్డి తినేది.”

“గొర్రె,” అన్నాడు సిద్దయ్య, వాన కారుతున్న కిటికీతో.

“రెప్టైల్. నేల మీద పాకేది.”

“ఉడుము.”

కండక్టర్ బాషా టికెట్ కొడుతూ ఆగాడు. “ఎవరితో మాట్లాడుతాండావప్పా?”

“వానతో మామా.”

పశువుల ఆస్పత్రి అసిస్టెంట్ పరీక్షలో సిద్దయ్య ఒకసారి తప్పాడు. జంతువులు తెలుసు, వాటి ఇంగ్లీషు పేర్లు తెలియవు. ఈసారీ తప్పితే మందతో నల్లమలకు పోవాలి. ఓబులమ్మను చూడడం ఈ బస్సుతో సరి. ఆ సంగతి కూడా కిటికీకే చెప్పాడు. మర్నాటి నుంచి ఆమె ఇంకా గట్టిగా చదివింది.

“ఆంఫీబియన్. నీళ్ళల్లో, నేల మీద, రెండు పక్కలా బతికేది.”

“అట్లాంటిది మన ఊర్లో యాడుంది?”

ఓబులమ్మ పుస్తకం మూసింది. ప్రొద్దుటూరు వచ్చేదాకా తెరవలేదు.

సిద్దయ్య పాసయ్యాడు. మరుసటి వానాకాలం ఊరి గొర్రెలకు, ఉన్నట్టుండి చంపే చిటుకు రోగం తగిలింది. టీకాల డబ్బాతో అతను కింది వీధిలోకి నడిచాడు. మొదటి దొడ్డి ఓబులమ్మ నాయన చిన్నన్నది.

“పై వీధోడివి. ఈడ కాలు పెడితే మీవాళ్ళు ఊరుకుంటారా?”

“సూదులేసినాక అడుగుతా మామా. ముందు గొర్రెల్ని పట్టుకో.”

నలభై గొర్రెలు. చిన్నన్న ఒక్కొక్కదాన్నీ పట్టుకున్నాడు. తర్వాత సిద్దయ్య రిజిస్టర్ నింపుతుంటే చూశాడు.

“ఇంగ్లీషు ఎవరు నేర్పినారప్పా?”

గడపలోంచి ఓబులమ్మ అంది: “నేనే నాయినా. బస్సులో.”

“మాట్లాడుకున్నారా?”

“లేదు. నేను చదివినా. ఆయప్ప విన్నాడు.”

పై వీధి మొదట్లో ఇద్దరు నిలబడి ఇటే చూస్తున్నారు. చిన్నన్న వాళ్ళను చూశాడు, కూతుర్ని చూశాడు.

“లోపలికి రాప్పా, సంగటి తిందువు. రేపు మీ నాయిన్ను తోడుకొని రా.”

ఓబులమ్మ అతని ముందర సంగటి తట్ట పెట్టి, మెల్లగా అంది: “ఆంఫీబియన్.”

గోడకు కిటికీ ఉంది. అయినా సిద్దయ్య ఆమెనే చూసి చెప్పాడు.

“ఉండాది. మన ఊర్లోనే.”