తలనొప్పి గోలీలు

పొద్దున్నే స్కూలు వ్యాను కడిగి ఇంట్లోకి వచ్చిన కొండల్ బీరువా మీద చెయ్యి పెట్టి తడిమాడు. గోలీల అట్ట లేదు. మేకుకు తగిలించిన వ్యాను తాళంచెవీ లేదు.

"రెండూ నా దగ్గరున్నయ్," అంది కూతురు అఖిల. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చింది.

"ఇటియ్యి. మీర్‌పేట్ల పిల్లలు ఎదురుచూస్తుంటరు."

"ఇయ్య."

తలచుట్టూ పట్టీ బిగించినట్టుండే నొప్పికి డాక్టరు కొద్దిరోజులకని రాసిన గోలీలవి. గడువు దాటినా కొండల్ మానలేదు. చీటీ అడగని దుకాణం వెతుక్కుని కొంటూనే ఉన్నాడు.

"నొప్పి నాది. నీకేంది కష్టం?"

"అది ఉట్టి తలనొప్పి గోలీ కాదు నాయినా. పారాసిటమాల్‌ల నల్లమందు జాతి మందు కలిపిన్రు. మత్తొస్తది. రోజూ ఏసుకుంటే గా గోలీతోనే మళ్ల తల నొస్తది. అది మింగి బండి నడపొద్దు."

"నాకు నేర్పకు. నువ్వు పుట్టకముందు నుంచి స్టీరింగు పట్టిన."

వంటింట్లోంచి అఖిల తల్లి స్వరూపరాణి వచ్చింది. "గా బండి నడిపే నిన్ను చదివిచ్చిండు. ఇయ్యాల తండ్రినే తాగుబోతు లెక్క జూస్తున్నవా?"

"నిన్న సాయంత్రం డ్యూటీకి పోతుంటే బస్సు కిటికీలకెళ్లి చూసిన అమ్మా. ఎల్బీనగర్‌ల పచ్చ సిగ్నల్ పడ్డది. ఎనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నయ్. నాయిన తల స్టీరింగు మీదున్నది. బండినిండ పిల్లలున్నరు. నేను దిగి ఉరికేలోపు లేచి పోనిచ్చిండు."

స్వరూపరాణి భర్త వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. మరుక్షణం కూతురి మణికట్టు పట్టి మెలిపెట్టాడు.

"నా ఇంట్ల నాకే కాపలానా? పో బయటికి."

"పోత. తాళంచెవి మాత్రం ఇయ్య."

అతని ఫోను మోగింది. వ్యానులో వచ్చే ఓ పాప తల్లి అలేఖ్య. రెండో చేత్తో స్పీకరు నొక్కాడు.

"కొండల్ గారూ, ఇంకా రాలేదేంటండీ? మా పాప గేటు దగ్గరే నిలబడింది. ఆటోలో పంపుదామంటే నాకు భయమండి. మీరైతే నిశ్చింతగా ఉంటాను."

ఒస్తున్న అనబోయి ఆగిపోయాడు. తన పిడికిట్లో ఉన్న కూతురి మణికట్టు ఎర్రగా కమిలిపోయింది. వదిలేశాడు.

"రానమ్మా," అన్నాడు చివరికి. "తలనొప్పి గోలీలకు మత్తొస్తున్నది. నిన్న సిగ్నల్ కాడ కండ్లు మూతవడ్డయ్. నా బండ్ల పాపను ఎక్కియ్యకున్రి."

ఇంకేమీ అడగకుండానే అలేఖ్య ఫోను పెట్టేసింది.

కొండల్ గడప మీద కూలబడ్డాడు. "ఇంక నన్నెవరు నమ్ముతరు? గా గోలీలు పారెయ్యి."

"ఒక్కసారే బంద్ చేస్తే ఇంకా పరేషాన్ అయితది నాయినా. డాక్టరును అడిగి మెల్లగ తగ్గిద్దాం. నేనొస్త నీ ఎంట."

అఖిల పక్కన కూర్చుంది. అతను ఆమె చేతిని తాకబోయి తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నొస్తున్నదా బిడ్డా?" అని అడిగి, ఆమె జవాబు చెప్పేలోపే ఏడ్చేశాడు.