మీరు మూడు, నేను రెండు

ఆ షెడ్డు పైకప్పుకి రోజూ సాయంత్రం ఐదింటికి మాటలొచ్చేవి.

"అడుగు! ఊఁ, అడుగు! భయపడకుండా అడుగు!"

పైన డాన్సు క్లాసు. టీచరు పిల్లలకి చెప్పేది కాలితో వేసే అడుగు. కింద కారు కడుపులో తల దూర్చిన బోల్టుకి మాత్రం అది నోటితో అడిగే అడుగులా వినపడేది. అడుగుదామనే ఉండేది పాపం. అడుగే పడేది కాదు.

బోల్టు అనేది బావ పెట్టిన పేరు. ఒకసారి నోరు బిగించాడంటే పానా పెట్టి తిప్పినా విప్పడని. చేసే పని కార్లకి సత్తువ పెంచడం. ఎవరైనా మామూలు కారు తెచ్చిస్తే వెనక సీట్లు పీకి, గట్టి స్ప్రింగులు వేసి, లోపల ఇనుప పంజరం కట్టి, ఇంజను బాగా ఊపిరి పీల్చుకునేలా గొట్టాలు మార్చి రేసుకి పంపేవాడు. తన కోసం ఒక పాత చిన్న కారుని మూడేళ్లుగా సాకుతున్నాడు. చక్రాలు తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఆ కారుకి టార్క్ ఎక్కువ, ఇతనికి టాక్ తక్కువ. దాని సైలెన్సర్ ఊడదీసి వీడి నోటికి బిగించినట్టుందని అక్క దెప్పేది.

టీచరుతో పరిచయం ఆర్నెల్ల కిందట తిట్లతోనే మొదలైంది.

"ఏమండీ! ఇక్కడ మనుషులెవరైనా ఉన్నారా, అన్నీ కార్లేనా?"

బోల్టు కారు కింద నుంచి చక్రాల పలక మీద జారుతూ బయటికొచ్చాడు. ముందు గజ్జెలు కనపడ్డాయి, తర్వాత నడుముకి చుట్టిన చున్నీ, ఆ పైన కోపం. కోపం కూడా అందంగానే ఉంది.

"గోలగా ఉందా అండీ?"

"గోల సంగతి తర్వాత. గోలకైనా ఒక లెక్కుండాలా వద్దా? మీ ఇంజను లెక్క తప్పుతోంది. పిల్లలు నా మాట మానేసి దానికే అడుగులేస్తున్నారు. ఉన్నట్టుండి మధ్యలో ఒక దెబ్బ మింగేస్తోంది. ఆ దెబ్బకి నా రెండో వరస మొత్తం బోర్లా పడింది!"

బోల్టు లేచి కూర్చున్నాడు. ఆ మింగుడు రోగం ఏమిటో తెలీక మూడు వారాలుగా జుట్టు పీక్కుంటున్నాడు. ఇంజను మందగించిందని తెలుసు. ఎప్పుడు, ఎందుకో తెలీదు.

"మింగడం... మొదట్నుంచీనా? వేడెక్కాకా?"

"మీరు స్టార్టు చేసిన పది నిమిషాలకి."

అంటే వేడెక్కాక. నాలుగు ప్లగ్గులూ పీకి భూతద్దం పెట్టి చూశాడు. మూడోదాని పింగాణీ మీద వెంట్రుకంత బీట. వేడికి విచ్చుకుని నిప్పురవ్వని దొంగిలిస్తోంది.

మర్నాడు మిగతా కుర్రాళ్లు పూలు పట్టుకెళ్లే పద్ధతిలో, ఆ ప్లగ్గుని శుభ్రంగా తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి పైకి పట్టుకెళ్లాడు.

"ఏంటిది?"

"మీరు పట్టుకున్న దొంగ."

బోల్టు లెక్కలో అది ఉపన్యాసం. ఆమె నవ్వింది. అందరి కార్లకీ తాళంచెవి ఉంటుంది. ఈ పిల్లకి తాళం తెలిసిన చెవి ఉంది అనుకుంటూ మెట్లు దిగాడు. దిగాడన్న మాటేగానీ ఆ రోజు నుంచీ మనసు మాత్రం పైనే ఉండిపోయింది.

ఇక వచ్చిన చిక్కు ఏమిటంటే, ప్లగ్గు మారినా గోల మారలేదు. పిల్లల తల్లులు గొడవపెట్టారు. టీచరు ఊరికి అవతల ఇంకో హాలు చూసుకుని, ఒకటో తారీకు నుంచి వస్తానని వాళ్లకి మాటిచ్చేసింది. బోల్టు ఏటా తన కారుతో పోటీపడే ర్యాలీ ఈ నెల చివరి ఆదివారం. ఆ తర్వాత రెండ్రోజులకి ఒకటో తారీకు. అప్పట్నుంచి ఆ పైకప్పుకి మాటలుండవు.

"పైనుంచి రోజూ అడుగు, అడుగు అని అరుస్తోంటే అడగవేంరా?" అన్నాడు బావ.

"ర్యాలీ అవనీ బావా."

అంతలో ఆ ర్యాలీకి పది రోజులుండగా బావే రాలిపోయాడు.

మూడేళ్లుగా నావిగేటరు బావే. ర్యాలీలో డ్రైవరుకి మలుపు అవతల ఏముందో కనపడదు. ముందే ఆ దారంతా నెమ్మదిగా తిరిగి రాసుకున్న పుస్తకాన్ని పక్క సీట్లో కూర్చున్న మనిషి చదువుతూ ఉండాలి. ఏ వైపు మలుపో చెప్పి, పక్కన ఒకటి నుంచి ఆరు దాకా ఒక అంకె చెప్పాలి. ఒకటంటే మోచెయ్యి మడిచినంత వంపు. ఆరంటే వంపని పిలవడానికి మొహమాటపడేంత. బావ చదివిన మూడేళ్లూ మూడుసార్లు పొదల్లో తేలారు, ఒక్కసారీ చివరిదాకా వెళ్లలేదు. అయినా బావ బావే. అలాంటి బావకి గవదబిళ్లలొచ్చి రెండు దవడలూ వాచి, మొహం హెల్మెట్లో పట్టడం మానేసింది. నోరు కూడా పెగలక, మెడలో పలక వేలాడేసుకుని సుద్దముక్కతో మాట్లాడుతున్నాడు.

"అంటుకుంటుంది, దూరంగా నిలబడి రాయండి!" అని అక్క గదమాయించింది. బావ షెడ్డు గుమ్మం బయట నిలబడి పలక ఎత్తాడు. "ఈ ఏడాదికి మానేద్దాం."

అప్పుడే మెట్లు దిగిన టీచరు పలక చదివింది. బల్ల మీదున్న పాత పుస్తకం తీసి చూసింది.

"లెక్క చెప్పడమేగా? రోజూ చేసే పనే నాది. నేను కూర్చుంటా."

"భయం..." అన్నాడు బోల్టు.

"స్టేజి ఎక్కడం నాకు కొత్తా ఏంటండీ?"

"ర్యాలీలో స్టేజంటే రోడ్డండీ. ఒక్కోటి పదకొండు కిలోమీటర్లుంటుంది."

"అయితే పెద్ద ప్రోగ్రామే!" అంటూ బావ హెల్మెట్ పెట్టేసుకుంది. అతికినట్టు సరిపోయింది. గుమ్మం బయట బావ దవడలు తడుముకుని నిట్టూర్చాడు.

మొదటి సాధన ఊరి బయట మట్టిరోడ్డు మీద. లెక్క అద్భుతం. మలుపుకి సరిగ్గా రెండు గుండె చప్పుళ్ల ముందు మాట చెవిలో పడుతోంది. బావ చదివితే మలుపు దాటాక వినపడేది.

"కుడి మూడు!"

బోల్టు కుడికి తిప్పాడు. రోడ్డు ఎడమకి తిరిగింది. కారు వెళ్లి గడ్డివాములో నిద్రపోయింది.

"పుస్తకంలో ఎడమ అనే ఉందండీ," అంది టీచరు, ఒళ్లో పడ్డ గడ్డి దులుపుకుంటూ. గొంతు చిన్నబోయింది. "కళ్లకి ఎడమ కనపడుతోంది, నోట్లోంచి కుడి వస్తోంది. పదకొండేళ్ల నుంచీ పిల్లలకి ఎదురుగా నిలబడి నేర్పుతున్నానా... వాళ్ల కుడి నాకు ఎడమ. నేను ఎడమ కాలెత్తి కుడి అనాలి. ఇంక నా కుడిఎడమలు నాకే అర్థం కావు. చెప్పాల్సింది ముందే. పోనీ మానేద్దామా?"

ఆమె మొహం చూసి బోల్టుకి ఎక్కడలేని మాటలూ వచ్చాయి.

"పిల్లలు తికమకపడితే ఏం చేస్తారు మీరు?"

"కుడిఎడమలు వదిలేసి గోడ వైపు, కిటికీ వైపు అంటాను."

"కార్లో గోడ లేదు. కానీ నేను కుర్చీలోంచి కదలను. మీరూ కదలరు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి చిటికె వేసింది. "మీ వైపు తిరిగితే మీరు! నా వైపు తిరిగితే నేను!"

అలా పుట్టింది ఆ భాష. మీరు మూడు, నేను రెండు. నేను అయిదు, మీరు ఒకటి, బిగుసుకుంటుంది. అంటే వంపు పోనుపోను ముడుచుకుంటుందని. కొన్నిచోట్ల విచ్చుకుంటుంది.

దారి చూసి రాసుకునే రోజున ఇంకో తమాషా. మలుపులు చెప్పేది బోల్టు, రాసేది ఆమె. చదివేది ఆమె నోరు కాబట్టి ఆమె వైపు నుంచే చెప్పాలి. అందుకని బోల్టు తనని తాను మీరు అంటూ, ఆమెని నేను అంటూ ఆ పూటంతా గడిపాడు. తనకి తాను అంత మర్యాద ఇచ్చుకున్న మనిషి ఇంకొకడు ఉండడు.

"మీరు నాలుగు... విచ్చుకుంటుంది."

"నిజంగా విచ్చుకుంటారా మీరు?" అంది పెన్సిల్ ఆపకుండానే.

బోల్టు చెవులు ఇంజనుకంటే ముందు వేడెక్కాయి.

దారి మొత్తానికి మూడో స్టేజి చివర ఒక్కచోటే వంపు లేదు. అక్కడ "నేరుగా, నాలుగు వందలు" అని దూరం చెప్పాడు. ఆమె తలొంచుకుని రాసుకుంది.

ర్యాలీ రోజు పొద్దున్నే అక్క పూలజడంత పొడుగున జాగ్రత్తలు చెప్పింది. బావ పలక మీద "పొదలు వద్దు" అని రాసి పైకెత్తాడు.

మొత్తం మూడు స్టేజిలు. మొదటి రెండూ గడియారం ముల్లులా నడిచాయి. మూడోది మొదలవుతుండగా వాన మొదలైంది. చినుకులతో పరిచయం చేసుకోకుండా ఏకంగా కౌగిలించుకునే రకం వాన. అద్దం తెల్లబడింది. వైపరు అటూ ఇటూ తాళం వేస్తోందేగానీ పాట కనపడట్లేదు.

"కనపడట్లేదు టీచరుగారూ!"

"చూడ్డం మీ పని కాదు, వినడమే మీ పని. నేను రెండు. బురద. మీరు మూడు. మీరు ఒకటి, బిగుసుకుంటుంది, బ్రేకు, బ్రేకు... ఇప్పుడు!"

మూడేళ్లుగా బావని మింగిన పొదలు పక్కనుంచి నీళ్లు కారుతూ వెళ్లిపోయాయి. బోల్టు చేతులు ఆమె గొంతుకి కట్టినట్టు తిరుగుతున్నాయి.

"నేను అయిదు, విచ్చుకుంటుంది. తర్వాత మనం, నాలుగు వందలు!"

బోల్టు కాలు యాక్సిలరేటరు మీంచి లేచిపోయింది. ఇంజను ఖంగుతింది.

"ఏమైంది? ఆపారేం?"

"మనం... అంటే?"

"నేరుగా రోడ్డండీ! అటు మీరూ కాదు, ఇటు నేనూ కాదు. ఇంకేమంటారు? తొక్కండి!"

తొక్కాడు. మొత్తం మూడేళ్ల పనితనం, గొట్టాలు, స్ప్రింగులు, అన్నీ కలిపి తొక్కాడు. ఆ వానలో ఆ నాలుగొందల మీటర్లు ఎంతసేపట్లో అయిపోయాయో నిర్వాహకుల గడియారానికి తెలుసు. బోల్టుకి మాత్రం ఇంకా కొంచెం ఉంటే బావుండుననిపించింది.

ముగింపు జెండా దాటింది. ఏడో స్థానం. వచ్చింది ఏడే అయినా ఏడుపు రాలేదు. కారు పక్కకి తీసి ఆపాడు. బానెట్ మీద పడ్డ చినుకులు ఆవిరై లేస్తున్నాయి. ఆమె హెల్మెట్ తీసింది. నుదుటి మీద జుట్టు అతుక్కుని, బుగ్గ మీద పట్టీ గీత అచ్చుపడి ఉంది.

"ఇదిగోండి మీ పుస్తకం." ఆమె నవ్వబోయింది గానీ సగంలో ఆగింది. "వచ్చే ఏడాది మీ బావగారు చదువుతారుగా."

"ఇది బావ చదవలేడు."

"ఏం? నా చేతిరాత బావుంటుంది."

"బావ నా పక్కన కూర్చుని మనం, మనం అంటే మా అక్క ఊరుకోదు."

ఆమె ఫక్కున నవ్వింది. నవ్వు అయిపోయింది. వాన అవలేదు. ఎల్లుండి ఒకటో తారీకు. బోల్టు స్టీరింగు మీద లేని మురికిని బొటనవేలితో రుద్దాడు. ఈ బోల్టు ఇప్పుడు తిరక్కపోతే ఇంకెప్పుడూ తిరగదు.

"టీచరుగారూ... ఒక మాట అడగనా?"

బెల్టు విప్పుకుంటున్న ఆమె చెయ్యి ఆగింది.

"అడుగు," అంది.

ఆర్నెల్లుగా పైకప్పులోంచి విన్న మాటే. కానీ ఇది పిల్లలకి చెప్పింది కాదు, కాలితో వేసేది కాదు. అడగండి అనలేదు. చివరనుండే 'అండి' ఎక్కడో ఆ నాలుగొందల మీటర్లలో జారిపోయింది.

బోల్టు పుస్తకం తెరిచి ఆ పేజీ తీశాడు. వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ మనం అని రాసి పక్కన నాలుగు వందలు అని రాశావు. నీకు... అంతేనా?"

ఆమె ఆ వేలు వంక చూసింది. చెవి వెనకున్న పెన్సిల్ తీసింది. అంకె మీద నిదానంగా ఒక గీత గీసి కొట్టేసింది. ఇప్పుడు ఆ వరసలో ఒక్క మాటే మిగిలింది.

"మరి ఒకటో తారీకు?" అన్నాడు బోల్టు, తన గొంతు తనకే కొత్తగా.

"హాలు మారుతుంది. మాటిచ్చాను కదా. నేను మారతానని నీకెవరు చెప్పారు?"

అద్దం మీద టకటకా చప్పుడు. అక్క గొడుగుతో నిలబడి ఉంది. నాలుగడుగుల దూరంలో, తన మొహమంత పలకతో బావ.

"ఏడో స్థానంరా! చివరిదాకా వచ్చారు!" అంది అక్క. ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది. "ఏంటి, వీడు నోరు విప్పాడా? మాకు ఇన్నేళ్లుగా కాలేదు, ఏ పానా పెట్టి తిప్పావమ్మా?"

"మూడక్షరాల పానా, వదినా."

అక్క గొడుగు ఒక పక్కకి ఒరిగిపోయింది. నిన్నటిదాకా తను ఆ పిల్లకి అక్కగారు. ఎప్పుడు వదినైందో లెక్క తేలేలోపు కళ్లు నిండాయి. "అమ్మాయ్, ముందు తల తుడుచుకో," అంటూ తన చెంగే అందించింది.

బావ మాత్రం పలక మీద గబగబా రాస్తున్నాడు. వాన చెరిపేస్తోంది. మళ్లీ రాస్తున్నాడు. చివరికి పలకని గొడుగు కిందకి దూర్చి, వంకర అక్షరాలతో చూపించాడు.

"సీటు నీదే చెల్లెమ్మా. నా దవడలు తగ్గినా తగ్గవు."