మస్టర్‌లో మొగిలి ముఖం

పొద్దున ఆరున్నరకు బొగ్గు బాయి గేటు దగ్గర చాయ్ వాసన, తడి బొగ్గు వాసన కలిసి వస్తాయి. ఇరవై రెండేళ్లుగా అక్కడ మస్టర్ రాస్తున్నాను. ఒక్క దొంగ హాజరు వేయలేదు. నిరుడు పుస్తకం తీసేసి, ముఖం చూసే మిషన్ పెట్టారు. బాయి దిగేటప్పుడు ఒకసారి, ఎక్కాక ఒకసారి ముఖం చూపాలి. మీకు ఇష్టమేనా అని కార్మికులను ఎవరూ అడగలేదు. నేనే వరుసలో నిలబెట్టి అందరి ముఖాలూ ఎక్కించాను.

“దీని చూపుకన్న మా అత్త చూపే నయం సారూ,” అని నవ్వినవాడు మొగిలి.

పోయిన నెల పైకప్పు కూలి మొగిలి చనిపోయాడు. స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. లోపల ఇంకా ఒకరున్నట్టు మిషన్ ఎర్రగా చూపుతూనే ఉంది. షిఫ్ట్ ముగియదు. “కానియ్యవయ్యా,” అన్నాడు మేనేజర్. కళ్లు తెరిచి ఉంటేనే మిషన్ ముఖాన్ని గుర్తుపడుతుంది. ఆ చల్లని రెప్పలను నా వేళ్లతో ఎత్తి పట్టాను. మిషన్ ఒప్పుకుంది. క్రమశిక్షణ అనుకున్నాను. పాపం చేశాను.

మూడో రోజు ఉదయం ఏడింటికి మిషన్ తనంతట తానే మోగింది. తెర మీద అక్షరాలు పడ్డాయి.

మొగిలి. లోపలికి.

గేటు దగ్గర ఎవరూ లేరు... మెడ మీద తడి గాలి తగిలింది.

అప్పటి నుంచి రోజూ అంతే. దిగుతాడు. పైకి ఎక్కడు.

సంగతి తెలిసి అతని భార్య మల్లక్క వచ్చింది.

“సచ్చినోన్ని సుత డ్యూటీకి పంపుతున్నరా అన్నా?” గుసగుసగా అడిగింది. “ఆయన ముఖం తీసెయ్యుండ్రి. జర పండుకోనియ్యుండ్రి.”

“తీయిస్త చెల్లె.”

మిషన్ అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను.

“ఆ ముఖం కాపీలు చాలా దేశాల్లో ఉన్నాయి సార్. ఒక్కో చోట ఒక్కో చట్టం. కొన్నిచోట్ల అసలు లేదు.”

“మనిషి చచ్చిపోయిండయ్యా!”

“దానికి ఫారం లేదు సార్.”

ఒళ్లు మండింది. ఇంట్లో చెంబు పోతే కేకలేస్తాం. ముఖం పోతే నోరు మూసుకుంటాం. పెద్దలు చట్టం గురించి సభలు పెట్టుకుంటూనే ఉంటారు. అందరికన్నా ముందు నోరు మూసుకున్నవాణ్ణి నేనే.

ఈ రోజు మల్లక్క కళ్ల ముందే తీగ పీకి, సుత్తెతో మిషన్‌ను పగలగొట్టాను.

ఏడైంది... ఏ చప్పుడూ లేదు.

తర్వాత నా బల్ల మీద కంప్యూటర్ మోగింది.

మొగిలి. లోపలికి. పక్కన ఇప్పుడే తీసిన ఫొటో. ముఖం నిండా మసి, చెమట.

మల్లక్క నా చెయ్యి పట్టుకుంది. “అన్నా... ఆయన ఎనుక గా లైన్ ఎవలది?”

చూశాను. ఏవేవో దేశాల మనుషులు. ఒక్కరూ మా బాయి వాళ్లు కాదు. అందరి కళ్లూ మూసి ఉన్నాయి.

ఫొటోలో... వరుస ఒక అడుగు ముందుకు జరిగింది.